గాయంతో గుట్టెక్కవచ్చా? కొండదారి పరుగు, సైకిలు, భారం లెక్క

కడపకు దక్షిణాన పాలకొండలు, జమ్మలమడుగు పక్కన గండికోట దగ్గర ఎర్రమల కొండలు, అనంతపురం వైపు వెళితే గుత్తి, రాయదుర్గం, పెనుకొండ గుట్టలు ఉన్న ఈ సీమలో కొండదారుల పరుగుకూ, మౌంటెన్ బైకుకూ నేల కరువు లేదు. కరువల్లా గాయమైన తరువాత ఏం చేయాలో సరిగా చెప్పేవారికే. చీలమండ మెలిపడినా, మోకాలిచిప్ప చుట్టూ నొప్పి మొదలైనా ఇంట్లోవారు ఇక ఆ గుట్టల జోలికి పోవద్దంటారు. తోడుగా పరుగెత్తేవారు నొప్పి మీదే పరుగెత్తితే అదే సర్దుకుంటుందంటారు. ఈ రెండు సలహాలూ పైకి వ్యతిరేకంగా కనిపించినా, రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. గాయపడింది ఎముకా, కండరమా, కండరాన్ని ఎముకకు కలిపే టెండానా, ఎముకను ఎముకకు కలిపే లిగమెంటా అని గానీ, దాని మీద ఏ పని ఎంత భారం మోపుతుందని గానీ ఏ సలహా అడగదు. ఆ ప్రశ్న అడిగినవారికి మానేయడానికీ కొనసాగించడానికీ నడుమ చాలా దారులు దొరుకుతాయి. వాటిలో కొన్ని మన ఊరి కాలువగట్టు మీదే ఉన్నాయి.

విశ్రాంతి గురించి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే అందరూ నమ్మేది దానినే. కండరమూ, టెండానూ, ఎముకా తమ మీద పడే భారాన్ని బట్టి బలాన్ని పెంచుకుంటాయి, భారం తగ్గితే ఆ బలాన్ని వదులుకుంటాయి. నెలన్నర పాటు కాలు కదపకుండా కూర్చున్నవారికి నొప్పి తగ్గుతుంది, దానితోపాటు పిక్క, తొడ కండరాల బలమూ తగ్గుతుంది. నొప్పి లేదు కదా అని ఆ బలహీనమైన కాలితో పాత దూరానికే బయలుదేరితే గాయం మళ్లీ తిరగబెడుతుంది. అప్పుడు తప్పు కొండ మీదికి నెట్టేస్తారు.

టెండాన్ గాయాల విషయంలో దీనికి గట్టి ఆధారమే ఉంది. మడమను పిక్కతో కలిపే ఎకిలిస్ టెండాన్‌లో దీర్ఘకాలంగా నొప్పి ఉన్నవారి మీద స్వీడన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. అందులో ఒక వర్గంవారిని మొదటి 6 వారాలు పరుగూ గెంతడమూ మానిపించి వ్యాయామం చేయించారు. రెండో వర్గంవారిని అదే వ్యాయామం చేస్తూ, నొప్పిని కొలుచుకుంటూ, పరుగు కొనసాగించనిచ్చారు. ఏడాది తరువాత చూస్తే రెండు వర్గాలూ బాగుపడ్డాయి, పరుగు మానని వర్గానికి దానివల్ల నష్టమేమీ జరగలేదు. ఇక్కడ ‘నొప్పిని కొలుచుకుంటూ’ అన్నదే ముఖ్యం, ఎందుకంటే పై వాక్యంలో అది తీసేస్తే మిగిలేది తోటివారిచ్చే తెలివితక్కువ సలహాయే.

కొలత చాలా సులువు. ఏ నొప్పీ లేకపోతే సున్న, భరించలేని నొప్పికి 10 అనుకుంటే, పని చేస్తున్నంతసేపూ నొప్పి 5 దాటకూడదు. మరునాడు ఉదయానికి అది మామూలు స్థాయికి దిగిపోవాలి. వారం వారం పోల్చుకుంటే నొప్పీ బిగుసుకుపోవడమూ పెరగకూడదు. నన్నడిగితే ఈ మూడింటిలో మరునాటి ఉదయపు పరీక్షే నమ్మదగినది. కొండ మీద ఉత్సాహంలో, వేడెక్కిన ఒంటికి నొప్పి తెలియదు. తెల్లవారి మంచం దిగి పెరట్లోకి వేసే మొదటి పది అడుగులు నిజం చెబుతాయి. నిన్నటికంటే ఈరోజు ఆ అడుగులు కుంటుగా పడితే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం, కాబట్టి దూరాన్నో వాలునో తగ్గించుకోవాలి.

అదే స్వీడన్‌లో 1998లో వెలువడిన మరో అధ్యయనం ఇప్పటికీ చాలామంది ఫిజియోథెరపిస్టులు చెప్పే వ్యాయామానికి మూలం. దానికి మన ఇళ్లలో జిమ్ అక్కరలేదు, నాపరాయి పరిచిన మెట్టు చాలు. మెట్టు అంచు మీద మునివేళ్లపై నిలబడి, గోడను చేత్తో పట్టుకుని, నొప్పి ఉన్న కాలి మీదే బరువు వేసి మడమను మెట్టు కంటే కిందికి మెల్లగా దించాలి. పైకి లేవడానికి మాత్రం రెండో కాలి సాయం తీసుకోవాలి. ఒక విడతకు 15 సార్లు చొప్పున 3 విడతలు మోకాలు చాచి, మరో 3 విడతలు మోకాలు కొద్దిగా వంచి, రోజుకు రెండుసార్లు, 12 వారాల పాటు చేయాలి. అధ్యయనంలో పాల్గొన్న 15 మందీ మళ్లీ పరుగులోకి వెళ్లారు. కడప బండ తడిసిందంటే జారుతుంది కాబట్టి ఇల్లు కడిగిన వెంటనే ఈ పని పెట్టుకోవద్దు.

పరుగు నిజంగా ఆపవలసిన చోట్లు

ఇంతవరకు చెప్పిన వెసులుబాటు ఎముకకు వర్తించదు. రోజూ పడే తాకిడికి ఎముకలో సన్నని పగులు ఏర్పడితే, దాని మీద పరుగెత్తడమంటే పగులును పెద్దది చేసుకోవడమే. దీని గుర్తులు వేరుగా ఉంటాయి. నొప్పి ఉన్న చోటు వేలితో చూపించగలిగేంత చిన్నదిగా ఉంటుంది, నొక్కితే ఎముక మీదే నొస్తుంది, ఒంటికాలిపై గెంతితే తట్టుకోలేము, ముదిరితే రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి వదలదు. మోకాలి కింద ఉండే ముంగాలి ఎముక, పాదం మధ్య ఎముకలు దీనికి ఎక్కువగా గురవుతాయి. అన్నింటికంటే ప్రమాదకరమైనది తొడ ఎముక మెడ దగ్గర, అంటే తుంటి కీలు కిందనే ఎముక సన్నబడే చోట, వచ్చే పగులు. అది గజ్జల్లో నొప్పిగా మొదలవుతుంది కనుక చాలామంది కండరం పట్టేసిందనుకుంటారు. మొదటి వారాల్లో తీసిన ఎక్స్‌రేలో ఈ పగుళ్లు కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని, నొప్పి మాత్రం అలాగే ఉందని తేలితే మళ్లీ డాక్టరును కలవాలి, అవసరమైతే ఎమ్మారై తీయించుకోవాలి.

చీలమండ మెలిపడినప్పుడు అది బెణుకా, ఎముక విరిగిందా అన్నది తేల్చడానికి కెనడాలోని ఒట్టావాలో 1992లో రూపొందిన నియమాలు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. చీలమండకు ఇరువైపులా ఉబికి ఉండే ఎముకల చివర గానీ, వాటి వెనక అంచున కింది 6 సెంటీమీటర్లలో గానీ నొక్కితే నొప్పి ఉన్నా. పాదం వెలుపలి అంచున మధ్యలో తగిలే ఎముక బుడిపె మీద గానీ, లోపలి వైపు పాదం వంపు పైనున్న ఎముక మీద గానీ నొప్పి ఉన్నా. దెబ్బ తగిలిన వెంటనే, తరువాత ఆసుపత్రిలోనూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

మన ప్రాంతంలో ఈ దశలోనే మరో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, బెణికిన రోజే నూనె రాసి గట్టిగా నీవించడం. చిరిగిన లిగమెంటు చుట్టూ రక్తం చేరుతున్నప్పుడు ఇది వాపును పెంచడం తప్ప చేసే మేలు లేదు. రెండోది కట్టు. పుత్తూరు కట్టు మీద రాయలసీమ అంతటా ఉన్న నమ్మకం తరాల నాటిది, దానిని ఎగతాళి చేయవలసిన పని లేదు. అయితే ఎవరు కట్టు కట్టినా ముందుగా ఎక్స్‌రే ఉండాలి, కట్టిన తరువాత వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా ఆ క్షణమే విప్పించాలి. ఎదురుకాళ్లతో పుట్టినవారితో నడుము తొక్కించుకునే ఆచారం సంగతి చెప్పనక్కరలేదు.

ఐసు ముక్కల గురించి కూడా వైద్యుల మాట మారింది. విశ్రాంతి, ఐసు, బిగింపు, కాలు ఎత్తిపెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కినే, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తరువాత రాశారు. ఇప్పుడు ఎక్కువగా చెప్పేది వేరు: మొదటి రెండు మూడు రోజులు కాపాడుకోండి, ఎత్తుగా పెట్టుకోండి, క్రేప్ బ్యాండేజీ చుట్టండి, ఆపైన నొప్పి అనుమతించినంత మేర నడకా కదలికా మొదలుపెట్టండి.

ఎక్కడంలో ఒక భారం, దిగడంలో మరొకటి

బల్లపరుపు రోడ్డు మీది పరుగుకు, కొండదారి పరుగుకు ఉన్న అసలు తేడా ఇక్కడ ఉంది. గాయమున్నా కొండకు వెళ్లడం సాధ్యమయ్యేది కూడా ఈ తేడా వల్లనే.

ఎక్కేటప్పుడు పాదం నేలను తాకే తాకిడి తగ్గుతుంది, గుండెకు, ఊపిరితిత్తులకు పని పెరుగుతుంది. అయితే మడమ కిందికి దిగి పిక్క సాగుతుంది కాబట్టి ఎకిలిస్ టెండాన్ మీద, పిక్క మీద భారం బాగా పెరుగుతుంది. దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. ఒంటి బరువు వాలు వెంట జారిపోకుండా తొడ ముందరి కండరం ప్రతి అడుగుకూ బ్రేకు వేయాలి, అంటే ఆ కండరం సాగుతూనే బిగుసుకోవాలి. ఈ తరహా పని కండరపు పోగులను ఎక్కువగా దెబ్బతీస్తుంది. కొండ దిగిన రోజున కాక ఆ మరునాడో మూడోనాడో మెట్లు దిగలేక గోడ పట్టుకోవడానికి కారణం అదే. ఆ బ్రేకు బలమంతా మోకాలిచిప్పను తొడ ఎముక మీదికి అదుముతుంది. మోకాలి వెలుపలి వైపు నొప్పితో బాధపడేవారికి, అంటే తొడ వెలుపల మోకాలి దాకా సాగే ఐటీ బ్యాండ్ అనే పట్టీలో సమస్య ఉన్నవారికి, దిగుడు పరుగు మరీ పడదు.

కాబట్టి ఒకే గుట్ట ఇద్దరికి రెండు రకాల మందు, రెండు రకాల విషం. మోకాలిచిప్ప నొప్పి ఉన్న మనిషి పాలకొండల వైపు బాటలో ఎక్కుడంతా వేగంగా నడిచి, చదును వచ్చినచోట పరుగెత్తి, దిగుడు మాత్రం చిన్న చిన్న అడుగులతో నడిచి వస్తే వ్యాయామమూ దక్కుతుంది, మోకాలూ దక్కుతుంది. ఎకిలిస్ నొప్పి ఉన్న మనిషికి అదే దారి తలకిందులు: నిట్టనిలువు ఎక్కుళ్లను మునివేళ్ల మీద పరుగెత్తడం మానుకోవాలి, చదును మీదా వాలు తక్కువ ఉన్న దిగుళ్లలోనూ పరుగు సాగించవచ్చు. వెళ్లిన దూరాన్ని కిలోమీటర్లలో రాసుకోవడం వల్ల ఈ తేడా కనపడదు. ఎన్ని మీటర్లు ఎక్కాము, ఎన్ని మీటర్లు దిగాము అన్నది వేరుగా రాసుకోవాలి.

అడుగుల సంఖ్య కూడా ఒక పనిముట్టే. అదే వేగంతో పరుగెత్తుతూ నిమిషానికి వేసే అడుగులను 5 నుంచి 10 శాతం పెంచితే అడుగు పొడవు తగ్గుతుంది, పాదం శరీరానికి దగ్గరగా పడుతుంది, మోకాలు మోసే భారం తగ్గుతుంది. దిగుడులో చేతికర్ర వాడితే మోకాళ్ల మీది బరువు కొంత చేతులు పంచుకుంటాయి. గొర్రెల కాపరి చేతిలోని కర్ర లాంటిది పట్టుకుని పరుగెత్తడానికి మన కుర్రకారు నామోషీ పడతారు, ఆల్ప్స్ పర్వతాల్లో పరుగెత్తేవారు మాత్రం ఆ కర్రలను డబ్బు పెట్టి కొనుక్కుంటారు.

నేల సంగతికి వస్తే, గండికోట అంచున పరచుకున్న ఎర్రటి క్వార్ట్‌జైట్ బండలు గట్టివి, అంచులు పదునైనవి, ఒకదానికొకటి అతుక్కోకుండా పేర్చినట్టుంటాయి. అక్కడ ఏ రెండు అడుగులూ ఒకే కోణంలో పడవు. చీలమండ పూర్తిగా మానని వారికి అది చివరి మెట్టుగా ఉండాలి. నాపరాయి గనుల దగ్గర పోసిన రాతిచెక్కుల మీద కాలు జారుతుంది. అనంతపురం గ్రానైటు గుట్టల మీద బండ పట్టు బాగానే ఇస్తుంది గానీ దాని మీద పరచుకున్న గరుసు ఇసుక బండ మీది గోలీల పని చేస్తుంది. ఎర్రనేలలోని బండిబాటలు, డొంకలు ఎండాకాలంలో గట్టిగా, సమంగా ఉంటాయి. వీటన్నిటికంటే కోలుకునే కాలికి అనువైనవి సుంకేసుల నుంచి కర్నూలు మీదుగా కడప వరకు సాగే కేసీ కాలువ గట్టు వెంట ఉన్న మట్టిబాటలు. వాలు దాదాపు లేదు, మట్టి మెత్తన, ఎక్కడ నొప్పి వచ్చినా అక్కడే వెనక్కి తిరగవచ్చు. గట్టు ఒకవైపుకు ఒరిగి ఉన్నచోట మాత్రం వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకే గీతలో పరుగెత్తండి, అప్పుడు రెండు కాళ్లకూ వంపు సమానంగా పడుతుంది.

ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ బెణకడానికి కారణం లిగమెంటు వదులైపోవడం ఒక్కటే కాదు. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియజేసే జ్ఞానం కూడా దెబ్బతింటుంది. ఒంటికాలి మీద అర నిమిషం నిలబడడం, అది సులువయ్యాక కళ్లు మూసుకుని నిలబడడం, ఆపైన మడిచిన దుప్పటి మీద నిలబడడం అనే సాధారణమైన సాధన మళ్లీ బెణికే అవకాశాన్ని తగ్గిస్తుందని అనేక అధ్యయనాలు చూపాయి. పళ్లు తోముకునేటప్పుడు చేయగలిగిన పని ఇది, అయినా ఎక్కువమంది మానేసేది దీనినే.

సైకిలు ఎంతవరకు ప్రత్యామ్నాయం

పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. సైకిలు మీద ఆ తాకిడి ఉండదు, బరువును జీను మోస్తుంది. అందుకే పరుగు మానవలసి వచ్చినవారికి సైకిలు మొదట గుర్తుకొస్తుంది. అది సరైన ఆలోచనే, కానీ సగం. గంటకు వేలసార్లు మోకాలు ఒకే దారిలో వంగి లేస్తుంది కాబట్టి జీను ఎత్తు తేడా ఉంటే కొత్త గాయం తయారవుతుంది.

ఎత్తు చూసుకోవడం ఇలా. సైకిలును గోడకు ఆనించి జీను మీద కూర్చోండి; పెడలును అన్నిటికంటే కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. అప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము ఒక పక్కకు జారకూడదు. ఇక పాదం ముందు భాగాన్ని పెడలు మీద పెడితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీల దాకా వంగి ఉంటుంది. జీను మరీ కిందికి ఉంటే మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంది, మరీ పైకి ఉంటే మోకాలి వెనక లాగుతుంది. అద్దెకు తెచ్చుకున్న సైకిళ్లలో, అన్న సైకిలు తమ్ముడు తొక్కే ఇళ్లలో ఈ సర్దుబాటు ఎవరూ చేయరు. రెండో జాగ్రత్త గేరుది. బలమంతా పెట్టి పెద్ద గేరులో గుట్ట ఎక్కితే మోకాలిచిప్ప మీద పడే అదుము, పరుగు వద్దనుకున్న కారణాన్నే తిరిగి తెస్తుంది. చిన్న గేరులో, నిమిషానికి 80 చుట్లకు దగ్గరగా తొక్కగలిగే వాలునే ఎంచుకోవాలి.

చక్రం గాలిని తగ్గిస్తే టైరు నేలను బాగా పట్టుకుంటుంది, చేతులకూ నడుముకూ చేరే అదురు తగ్గుతుంది. మణికట్టు, నడుము నొప్పి ఉన్నవారికి ఇది మంచి ఉపాయం. కానీ ట్యూబు ఉన్న టైరులో గాలి మరీ తగ్గిస్తే రాయి తగిలినచోట ట్యూబు నలిగి పంక్చరవుతుంది, ఇక ట్యూబు అక్కరలేని టైర్లు వేసుకుని లోపల రంధ్రాలను పూడ్చే సీలెంటు పోసుకోకపోతే మన డొంకల్లోని పల్లేరు కాయలు మీచేత సైకిలును మోయించి ఇంటికి నడిపిస్తాయి. వాన కురిసిన రోజు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి బాటల్లోకి దిగితే పంక్చరు దాకా కూడా రాదు, మట్టి చక్రానికి చుట్టుకుని ఫోర్కులో బిగిసి చక్రమే తిరగదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అది అరచేతి అంచున నరం ఒత్తిడికి గురవుతున్నదనడానికి గుర్తు. పట్టు మార్చుకోవాలి, హ్యాండిలును కొంచెం ఎత్తు చేయించుకోవాలి.

మౌంటెన్ బైకు అసలు ప్రమాదం పడిపోవడంలో ఉంది. పడేటప్పుడు చేయి చాచి ఆపుకోబోతే మెడ కింద భుజం దాకా ఉండే మెడపట్టె ఎముక (కాలర్ బోన్) విరగవచ్చు, లేదా మణికట్టులో బొటనవేలి కింద ఉండే స్కఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లవచ్చు. బొటనవేలిని వెనక్కి లాగినప్పుడు మణికట్టు పక్కన ఏర్పడే గుంటలో నొక్కితే నొస్తుంటే దానిని బెణుకుగా వదిలేయకూడదు. ఈ ఎముకకు రక్తప్రసరణ తక్కువ, మొదటి ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవడం మామూలు, అందుకే కట్టు వేసి 10 నుంచి 14 రోజుల తరువాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. తలకు దెబ్బ తగిలి మాట తడబడినా, వాంతి వచ్చినా, కాసేపు జరిగింది గుర్తు లేకపోయినా ఆ రోజు సైకిలు ఎక్కకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

గాయం కాలిది కాక మరేదైనా అయినప్పుడు లెక్క తిరగబడుతుంది. మణికట్టు కట్టులో ఉన్నవారు సైకిలు తొక్కలేరు, కాలువగట్టు మీద నడవగలరు, డాక్టరు ఒప్పుకుంటే పరుగెత్తగలరు. పాదం మధ్య ఎముకలో పగులు ఉన్నవారు పరుగెత్తలేరు, కొన్ని వారాల తరువాత డాక్టరు అనుమతితో ఇంట్లో కదలని సైకిలు తొక్కగలరు.

మాత్రలు, ఎండ, దూరం

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు చీటీ లేకుండానే దొరుకుతాయి, సూది వేయించుకోవడం ఇంకా మామూలైపోయింది. మాత్ర వేసుకుని కొండెక్కితే పైన చెప్పిన నొప్పి కొలత పనికిరాకుండా పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు మూత్రపిండాలది. చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు వెళ్లే రక్తం తగ్గుతుంది, ఈ మాత్రలు దానిని ఇంకా తగ్గిస్తాయి. వేసవిలో 40 డిగ్రీలు తేలికగా దాటే కడప, కర్నూలులో ఈ రెండూ కలవడం ఊహకు అందని విషయం కాదు. ఉదయం 8 లోపు ముగించే దూరమే ఎంచుకోవాలి, నొప్పి మాత్ర వేసుకోవలసినంత నొప్పి ఉన్న రోజు పరుగు మానాలి.

దూరాన్ని వారానికి 10 శాతం మించి పెంచవద్దన్న మాట పరుగెత్తేవారిలో వేదవాక్కులా తిరుగుతుంటుంది. 2008లో నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవారి మీద దీనిని పరీక్షిస్తే, అలా నెమ్మదిగా పెంచినవారికీ తొందరగా పెంచినవారికీ గాయాల్లో తేడా కనపడలేదు. వారం మొత్తం కంటే ఒక్క రోజు చేసే అతి ఎక్కువ ప్రమాదమని ఇటీవలి పరిశీలనలు సూచిస్తున్నాయి: గత నెల రోజుల్లో ఒక్కసారిగా వెళ్లిన అతి పెద్ద దూరాన్ని బాగా మించి ఒకనాడు వెళ్లడం. సెలవు రోజున మిత్రులు గండికోట అన్నారని, నెలంతా ఆరు కిలోమీటర్లు దాటని మనిషి ఇరవైకి సిద్ధపడడమే అది.

కోలుకున్నామో లేదో తేల్చుకోవడానికి తేదీ కంటే కాలే మంచి సాక్షి. గాయమైన కాలి మీద ఒంటికాలితో మడమ ఎత్తడం రెండో కాలితో చేసినన్నిసార్లు చేయగలగాలి. మెట్లు దిగుతూ గోడ పట్టుకోకూడదు. ఒంటికాలిపై గెంతినప్పుడు రెండు వైపులా దూరం ఇంచుమించు సమానంగా రావాలి. ఇవి కుదిరాక కాలువగట్టు, తరువాత ఎర్రనేల డొంక, తరువాత ఎక్కుడు, అన్నిటికంటే చివర బండల మీది దిగుడు. లంకమల, నల్లమల, శేషాచలం వంటి రక్షిత అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు కనుక ఎర్రచందనం ఉన్న కొండల జోలికి పోకుండా ఊరి చుట్టూ ఉన్న గుట్టలు చాలనుకోవాలి. ఫోను సిగ్నలు అందని చోటికి గాయం మానుతున్న కాలితో ఒంటరిగా వెళ్లవద్దు, ఏ దారిన వెళుతున్నదీ ఇంట్లో చెప్పండి. తోటివారి వేగం మిమ్మల్ని లాగుతుందనిపిస్తే వారు పరుగెత్తే రోజున మీరు సైకిలు తీయండి, వారు సైకిలు తీసిన రోజున మీరు దిగువన నడవండి.